‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నవాళ్లు తోడు రాలేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నేను పలాసలో జీడిపప్పు పనికి వెళ్తాను. మా ఆయన గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉన్నారు. మా అమ్మకు అరవై ఏళ్లుంటాయి. వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. అంగిట్లో పుండు ఎన్నాళ్లకూ మానకపోతే ముక్క పరీక్ష చేయించాం. క్యాన్సర్ అన్నారు. విశాఖలో వైద్యం మొదలైంది. మొత్తం 33 సార్లు కరెంటు (రేడియేషన్) పెడతారట, వారానికోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తారట. రెండు వారాలు అయ్యాయి. గాజువాకలో చిన్న గది తీసుకుని అమ్మా నేనూ ఉంటున్నాం. పిల్లలిద్దరినీ మా అత్తగారి దగ్గర వదిలాను.

అమ్మకు నోట్లో పుండు అని మాత్రమే చెప్పాం. చెన్నైలో బిల్డింగ్ పనిలో ఉన్న తమ్ముడు ‘ఎవరికీ చెప్పకు అప్పా, చెల్లి సంబంధం చెడిపోతుంది’ అంటాడు. అమ్మకు కళ్లు చూపించడానికి వచ్చామని ఊళ్లో చెప్పాం. సంగతి తెలిసిన ఒకరిద్దరు చుట్టాలు ‘అడ్డపొగ మానమంటే విన్నాదా’ అంటారు, లేకపోతే పసరు మందు తెస్తామంటారు. అత్తగారు ‘పిల్లల్ని ఆవిడ దగ్గరికి రానీకు, అంటుకుంటుంది’ అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. నిన్న అమ్మ గంజి వద్దంటే గట్టిగా అరిచేశాను. తర్వాత బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. డబ్బులూ అయిపోతున్నాయి. నాకు సాయం ఎవరు చేస్తారు? ఎక్కడ అడగాలి?

– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మకు చెప్పలేదు, ఊళ్లో చెప్పలేదు, చెల్లి కోసం చెప్పకూడదు. జబ్బు బరువు సగమైతే దాన్ని దాచే బరువు మిగతా సగం. ఆ రెండో సగాన్ని ముందు దించుకోవాలి. మీరు అడిగిన సాయానికి దారి అక్కడే ఉంది.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మాది విజయనగరం. మా వారికి గొంతులో క్యాన్సర్ అని తేలినప్పుడు నేనూ మీలాగే చేశాను. ఎవరడిగినా గొంతు పూసిందని చెప్పాను. ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఎప్పటిలాగే చుట్టాలు వచ్చారు. పదిహేను మంది. ఆయన్ని లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసి, జ్వరమని చెప్పి, నేను వంటింట్లోకి వెళ్లాను. రెండు రోజులు ఆ పదిహేను మందికీ వండి వడ్డించాను. మధ్యమధ్యలో వెళ్లి ఆయనకు చెంచాతో జావ పోసి వచ్చాను. ఒక్కమాట చెప్పి ఉంటే ఆ వచ్చినవాళ్లలో మా ఆడపడుచు గరిట నా చేతిలోంచి లాక్కునేది. మా మరిది ఆయన్ని వారానికి రెండు రోజులు ఆస్పత్రికి తీసుకెళ్లి ఉండేవాడు. వాళ్లు నాకు సాయం చేయలేదని తర్వాత చాలా రోజులు కోపం పెట్టుకున్నాను. వాళ్లకు తెలియనివ్వంది నేనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా వారికి జబ్బు పేరు నేను చెప్పలేదు, ఆయనకు తెలియదనే అనుకున్నాను. వైద్యం అంతా అయిపోయాక ఒకరోజు ఆయనే అన్నారు, ‘నాకు మొదటి రోజే తెలుసు, నువ్వు భయపడతావని ఊరుకున్నాను’ అని. ఆస్పత్రి గేటు మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి చదవలేరా? ఒకే గదిలో ఉండి, ఒకరికి తెలియదని ఒకరం నటించాం. ఆ తర్వాత ఆయన ఆరేళ్లు బతికారు. ఆ ఆరేళ్లూ మేం మాట్లాడుకున్నన్ని మాటలు అంతకు ముందు ముప్పై ఏళ్లలో మాట్లాడుకోలేదు.

మీ అమ్మగారికి చదువు రాకపోవచ్చు. కానీ రోజూ ఆ హాల్లో కూర్చుంటున్నారు. పక్కన జుట్టు రాలిపోయినవాళ్లు, ముక్కులో గొట్టంతో ఉన్నవాళ్లు ఉంటారు. ఆడవాళ్లు ఒకరినొకరు ‘నీకెక్కడమ్మా’ అని అడుగుతారు. రెండు వారాలుగా ఆమె ఏమీ గ్రహించలేదంటే నేను నమ్మను. అయినా ఒక్కసారిగా ‘నీకు క్యాన్సర్’ అని చెప్పేయమని నేను అనను. ముందు అడగండి. రాత్రి పక్కన కూర్చున్నప్పుడు ‘అమ్మా, డాక్టరు గారు చెప్పిందంతా నీకు చెప్పమంటావా, లేకపోతే నేనూ తమ్ముడూ చూసుకుంటే చాలా?’ అనండి. మీరే చూసుకోండి అంటే ఆ మాట మన్నించండి, కొన్నాళ్లకు మళ్లీ అడగండి. చెప్పమంటే, మర్నాడు డాక్టరు గారిని ఆమె ముందే నెమ్మదిగా చెప్పమని అడగండి. పేరు తెలిస్తే అమ్మ కుంగిపోతుందని మీ భయం. ఏమీ తెలియకుండా నోరు పుండైపోతుంటే, వైద్యం తనను ఇంకా పాడుచేస్తోందని అనుకుని మధ్యలో మానేస్తానని పట్టుబట్టే ప్రమాదం అంతకన్నా పెద్దది. కరెంటు మధ్యలో ఆపకూడదు. ఎందుకు భరించాలో తెలిసిన మనిషి భరించగలదు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. ‘ఎవరికీ చెప్పకు’ అనడం చెన్నైలో ఉన్నవాడికి తేలిక. అతన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. అక్కడ కూర్చుని అతనూ భయపడుతున్నాడు, ఏం చేయాలో తెలియక సంబంధం గురించి ఆలోచిస్తున్నాడు. అతనికి పని చెప్పండి. ‘నువ్వు రావాలి’ అని ఊరికే అనకండి, ఏ రోజుల్లో రావాలో చెప్పండి. నోటికి, గొంతుకి కరెంటు పెట్టినప్పుడు ఇబ్బంది మొదట్లో పెద్దగా ఉండదు. రెండు మూడు వారాలు దాటాక నోరు పూయడం, ఉమ్మి చిక్కబడటం, రుచి పోవడం మొదలవుతాయి. వారం వారం పెరిగి, చివరి వారాల్లో బాగా ముదురుతాయి. కరెంటు అయిపోయిన తర్వాత కూడా రెండు మూడు వారాలు అలాగే ఉండి, అప్పుడు నెమ్మదిగా తగ్గుతాయి. చుట్టాలందరూ మొదటి వారంలో పలకరించి వెళ్లిపోతారు. మనిషి అవసరమయ్యేది ఐదో వారం నుంచి. వారానికి ఐదు రోజుల లెక్కన 33 సార్లంటే ఆరున్నర వారాలు. మీ తమ్ముణ్ని ఐదో వారం చివర నుంచి నాలుగు వారాలు ఉండేలా మేస్త్రీతో ఇప్పుడే మాట్లాడుకోమనండి. అతను వచ్చిన మొదటి మూడు రోజులు మీరు ఊరెళ్లి పిల్లల దగ్గర పడుకుని రండి. అది స్వార్థం కాదమ్మా. చివరి వారాలకు మీ ఒంట్లో ఓపిక మిగలాలి.

అప్పటిదాకా ఎవరు? మీ చెల్లి ఉంది కదా. పెళ్లి కావాల్సిన పిల్ల అని ఆమెను ఇంట్లో దాస్తున్నారు, తల్లి పక్కన పది రోజులు ఉండే హక్కు ఆమెకూ ఉంది. సంబంధం సంగతి చెప్తాను. మీ అమ్మగారికి వచ్చింది ముఖ్యంగా నోట్లో నిప్పు, పొగ వల్ల వచ్చిన జబ్బు. తల్లికి వచ్చింది కాబట్టి పిల్లకూ వస్తుందనే రకం కాదు. అవతలివాళ్లు అడిగితే ఆ మాటే చెప్పండి. అది విని వెనక్కి పోయే ఇల్లయితే, రేపు పెళ్లయ్యాక మీ అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి మీ చెల్లిని పంపుతుందా? ముందు పెళ్లి చేసి తర్వాత తెలియనిస్తే ఆ పిల్ల అత్తింట్లో జీవితాంతం మాట పడాలి.

ఊరందరికీ చాటింపు వేయమనడం లేదు. నమ్మకమైన ముగ్గురిని ఎంచుకోండి. మీతో పని చేసేవాళ్లలో ఒకరు, మీ వీధిలో ఒకరు, కన్నవారి వైపు పెద్దవాళ్లలో ఒకరు. చెప్పి ఊరుకుంటే వాళ్లు ‘ఏ సాయం కావాలన్నా అడుగమ్మా’ అంటారు. మనం ‘అలాగే’ అంటాం. మొహమాటం కొద్దీ అక్కడితో అయిపోతుంది. అందుకని చెప్పేటప్పుడే పని కూడా చెప్పండి. ‘ఆదివారం మా పిల్లలకు కాస్త తలంటు పొయ్యి వదినా’, ‘బడిలో మీటింగ్ ఉంటే నువ్వు వెళ్లు పిన్నీ’, ‘శనివారం విశాఖ వచ్చి ఒక పూట అమ్మ దగ్గర కూర్చో, నేను పడుకుంటాను’. ఇంత చిన్న పని చెప్తే కాదనే మనిషి తక్కువ. ఒకరు కాదంటే బాధపడకండి, ఇంకొకరిని అడగండి. రోజూ ఒకే కబురు పదిమందికి ఫోన్లో చెప్పే పని తమ్ముడికి అప్పగించండి. అది చెన్నైలో ఉండి కూడా చేయొచ్చు.

‘అడ్డపొగ మానమంటే విన్నాదా’ అనే చుట్టాల మాట మిమ్మల్ని ఎంత కోసి ఉంటుందో నాకు తెలుసు. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకు ఒకరిని చూసి ఒకరికి వచ్చింది. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్నారు. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని వైద్యులు యాభై ఏళ్ల కిందటే రాశారు. రాసింది ఊళ్లకు చేరలేదు. తెల్లవారుజామున లేచి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషికి ఆ చుట్ట ఒక్కటే ఊరట. తప్పు మీ అమ్మది అనేవాళ్లకు మీరు జవాబు చెప్పక్కర్లేదు. కానీ ఇప్పుడు మాత్రం అది మానాలి. తాగుతూ ఉంటే కరెంటు పని సరిగ్గా చేయదు, పుండ్లు మానవు. తిట్టి మాన్పించలేరు. డాక్టరుకి నిజం చెప్పండి, మాన్పించడానికి కూడా మందులున్నాయి. అన్నట్టు, మీ ఇంట్లో, చుట్టుపక్కల అడ్డపొగ తాగే ఆడవాళ్లందరినీ ఒకసారి నోరు చూపించుకోమనండి. అంగిట్లో తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే ఆలస్యం చేయకూడదు. ఆ మాట చెప్పడానికి మీకన్నా తగినవాళ్లు ఊళ్లో లేరు.

అత్తగారి భయం కూడా తీర్చాలి. క్యాన్సర్ అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పక్కలో పడుకున్నా రాదు. బయట నుంచి మెషిన్‌తో పెట్టే కరెంటు మనిషి ఒంట్లో ఉండిపోదు, గది బయటికి వచ్చాక పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఈ మాట మీరు చెప్తే కోడలు చెప్పినట్టు ఉంటుంది. నర్సుతోనో డాక్టరుతోనో ఆమెకు ఫోన్లో చెప్పించండి.

మీది వజ్రపుకొత్తూరు మండలం అన్నారు కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. మీ మండలం ఉన్న ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అన్న మాట తెలియని ఇల్లు లేదు. కరెంటుతో పాటు వారానికోసారి ఎక్కించే మందు చాలామందికి సిస్ప్లాటిన్. అది కిడ్నీల మీద భారం వేసే మందు. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఇస్తారు. అయినా మీరుగా ‘మాది ఉద్దానం ప్రాంతం, మా వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ’ అని డాక్టరుకి చెప్పండి. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే అది కూడా చెప్పండి. పసరు మందు వద్దని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. ఆ పసరులో ఏముందో ఇచ్చేవాడికే తెలియదు, ఈ మందుతో కలిసి కాలేయాన్నీ కిడ్నీల్నీ ఏం చేస్తుందో అంతకన్నా తెలియదు. చుట్టాలు నొచ్చుకుంటారనుకుంటే అరసవల్లిలో అమ్మ పేరున పూజ చేయించమనండి. వాళ్ల ప్రేమ అలా వెళ్లనివ్వండి.

గంజి గొడవకు వస్తాను. మీరు అరిచారని ఏడ్చారు. ఆమెకు గంజి రుచే తెలియడం లేదు, మింగితే మంట. మీకు ఆ గిన్నె ఖాళీ అయితేనే అమ్మ బతుకుతుందన్న ఆత్రం. ఇద్దరి తప్పూ లేదు. కడుపు నిండా మూడు పూటలు అనుకోకండి, రెండు గంటలకోసారి నాలుగు చెంచాలు చాలు. చోడి (రాగి) జావ పల్చగా, చల్లార్చి, మజ్జిగ పులుపు లేకుండా పాలు కలిపి ఇవ్వండి. మెత్తగా ఉడికిన పప్పన్నం మిక్సీ పట్టి నెయ్యి వేసి, గుడ్డు పల్చగా గిలకొట్టి పాలలో ఉడికించి ఇవ్వొచ్చు. కారం, పులుపు, వేడి వద్దు. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి రోజుకి నాలుగైదు సార్లు పుక్కిలించమనండి. తినడానికి అరగంట ముందు నొప్పి మందు వేయొచ్చేమో డాక్టరుని అడగండి. బరువు తగ్గుతూ ఉంటే ముక్కులోంచి గొట్టం వేద్దామంటారు. మా వారికి వేస్తామంటే నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, ఇక అయిపోయిందనుకుని. అయిపోలేదు. నెలన్నర ఉంచి తీసేశారు. ఆ గొట్టం వల్లనే వైద్యం మధ్యలో ఆగలేదు. పన్ను కదిలినా, పీకించాలనిపించినా ఆ డాక్టర్లకు చెప్పకుండా ఎక్కడా పీకించకండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాస్తే మత్తుమందు అని భయపడొద్దు, చెప్పిన మోతాదులో వేయండి. నొప్పి తగ్గించే విభాగానికి పంపారంటే ఆశ వదిలేశారని అర్థం కాదు.

డబ్బు సంగతి. ముందు ఆస్పత్రిలో వైద్య మిత్ర కౌంటర్‌కి వెళ్లి, ఎన్టీఆర్ వైద్య సేవలో అమ్మ పేరు నమోదైందో లేదో తేల్చుకోండి. మన ఊళ్లలో ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటాం. 2007లో అది మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. రైస్ కార్డు, ఆధార్ పట్టుకెళ్లండి. వాళ్లు సరిగ్గా చెప్పకపోతే 104కి ఫోన్ చేయండి. పథకంలోకి రాని ఖర్చు మీద పడితే అసలు బిల్లులు జాగ్రత్త చేసి, మీ ఎమ్మెల్యే ఆఫీసులో ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టండి. గది అద్దె, భోజనం భారంగా ఉందని ఆస్పత్రిలో సోషల్ వర్కర్ ఎవరని అడిగి వాళ్లకే చెప్పండి. మీరు అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా ఆస్పత్రిలో ఉన్నా, ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో ఉన్నా, ఇంకెక్కడ ఉన్నా ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి. వైద్యానికి వచ్చేవాళ్లు ఎక్కడ తక్కువలో ఉంటున్నారో వాళ్లకు తెలిసి ఉంటుంది. రైలు సంగతి చాలామందికి తెలియదు. వైద్యానికీ, తర్వాత చెకప్‌లకీ వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, వెంట వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ. మామూలు సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. దానికో ఫారం ఉంటుంది, ఆస్పత్రిలో డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోవాలి. మొదటి ఏడాది తరచూ చెకప్‌కి రావాలి కాబట్టి పలాస నుంచి రాకపోకలకు అది బాగా పనికొస్తుంది. రిపోర్టులన్నీ తేదీ వారీగా ఒక ఫైల్‌లో పెట్టి, ఫోన్లో ఫొటోలు తీసి తమ్ముడికి పంపండి.

మీ నిద్ర గురించి చివరికి రాస్తున్నాను, మీరు కూడా దాన్ని చివర్లోనే రాశారు కాబట్టి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే టెన్షన్ అని వదిలేయకూడదు. 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బు పడదు, రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ‘నాకు జబ్బు లేదు, మా అమ్మకు ఉంది’ అని సంకోచించకండి, మీలాంటివాళ్ల కోసం కూడా ఆ నంబరు. బాత్రూంలో కూర్చుని ఏడ్చిన ఆ అరగంట ఒక మనిషితో మాట్లాడితే ఎంత తేడా ఉంటుందో చూడండి. కరెంటు కోసం కూర్చునే హాల్లో మీలాగే ఏ తల్లినో తండ్రినో తీసుకొచ్చిన ఆడపిల్ల ఉంటుంది. రేపు ఆమె పక్కన కూర్చుని ఏ ఊరో అడగండి. మా వారి వైద్యం అప్పుడు పార్వతీపురం నుంచి వచ్చే ఒక అమ్మాయి, నేనూ ఒకరి ఫ్లాస్కులోంచి ఒకరం టీ తాగేవాళ్లం. ఆమె ఉన్నరోజు నేను బయటికి వెళ్లి మందులు తెచ్చుకోగలిగేదాన్ని.

వేరావల్‌లో మీ వారికి కూడా పూర్తిగా చెప్పండి. బోటు ఒడ్డుకి వచ్చిన రోజు పిల్లలతో ఒక్కసారి మాట్లాడమనండి. తమ్ముడికి మాత్రం ఈ రాత్రే ఫోన్ చేసి, ఐదో వారం ఎప్పుడు వస్తుందో క్యాలెండర్ చూసి తేదీ చెప్పండి. అమ్మను అడిగాక ఆమె ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తూ ఉంటాను.